నవంబరు మొదటి రోజు

ఆగస్టు 20, 1781. సోమవారం. ఫిలడెల్ఫియా.

బిల్లు ఇవాళ సభకొచ్చింది. తోటి సభ్యుడు మెక్కార్డ్ చదివాడు. గొంతులో తేనె పోసుకుని మరీ చదివాడు.

గడువు తెలియక నష్టపోయిన నిజాయితీపరులకు మరో అవకాశం ఇవ్వాలట. ఏం నష్టపోయారయ్యా అంటే, మనుషుల్ని. నిరుడు మార్చిలో మేము చేసిన చట్టంలో ఒకే ఒక్క వాక్యం పూర్తిగా నాది. బానిసలున్న ప్రతివాడూ నవంబరు మొదటి రోజులోగా జిల్లా గుమాస్తా దగ్గరికి వెళ్ళి వాళ్ళ పేర్లు పుస్తకంలో రాయించాలి, రాయించకపోతే వాళ్ళు స్వతంత్రులు. మిగతా చట్టమంతా రాజీ. పేరు రాయించుకున్న బానిస బానిసగానే చావాలి. ఇకముందు పుట్టే బిడ్డ ఇరవై ఎనిమిదేళ్ళు చాకిరీ చేశాక బయటికి రావాలి. దీన్ని దయ అన్నారు. ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. ఆ దయ అనే గోడలో నేను పెట్టగలిగిన కంత ఆ ఒక్క వాక్యం. అందులోంచి కొన్ని వందలమంది బయటపడ్డారు. పది నెలల తర్వాత, బయటపడ్డవాళ్ళని వెనక్కి తోసి కంత పూడుస్తానంటున్నాడు మెక్కార్డ్.

వాళ్ళలో కెజీయా ఒకతి. ఆమె కూతురు లెట్టి, తొమ్మిదేళ్ళది, ఇంకొకతి. మా అక్క తామార్ ఇంట్లోంచి వచ్చినవాళ్ళే. అక్క గుమాస్తా దగ్గరికి మూడు రోజులు ఆలస్యంగా వెళ్ళింది.

సభలో నా బల్ల మీద ఎవరో బాతు ఈక పెట్టి వెళ్ళారు. కలం చేసుకోమని కాబోలు.

ఆగస్టు 21.

అది రొమ్ము మీది మెత్తటి ఈక. దానితో రాయలేము.

జనానికి ఎవరి మీదనైనా కోపమొస్తే తారు కాచి ఒంటికి పూసి, ఈకలు అద్ది, బండి మీద ఊరేగిస్తారు. తర్వాత తారు గీకితే చర్మం కూడా వస్తుంది. యుద్ధం మొదలైన ఏడాది ఒక పన్నుల అధికారికి అలా చేశారు. గుంపులో నేనూ ఉన్నాను. వాడు ఇంగ్లండు రాజు మనిషి కదా అని చప్పట్లు కొట్టాను.

ఆగస్టు 23.

పొద్దున్నించీ పత్రికకి రాస్తున్నాను. 'గుంటక' పేరుతోనే. ఆ పేరు వెనక ఎవరున్నారో ఊరందరికీ తెలుసు, తెలియనట్టు నటించడం మర్యాద.

నా వాదన ఇది. ఒక రైతు తన ఎద్దుని తప్పిపోనిస్తే మూడో రోజుకల్లా ఊరంతా చాటింపు వేస్తాడు. మనిషి తన సొత్తు అని ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా గుమాస్తాతో చెప్పడం మరచిపోయినవాడు, ఆ మనిషి తనకు అవసరమని ఇవాళ ఏ మొహంతో అంటాడు? మరచిపోవడం ఒక తీర్పు. వాళ్ళ మీద వాళ్ళే ఇచ్చుకున్న తీర్పు.

బాగుంది. కానీ అక్క మరచిపోలేదు. అక్కది వేరే. మా క్వేకర్లు, అంటే మా క్రైస్తవ సంఘంవాళ్ళు, వారాల పేర్లు పలకరు, అవి అన్యదేవతల పేర్లని. ఆదివారం అంటే మొదటి రోజు. శనివారం అంటే ఏడో రోజు. పుట్టినప్పటి నుంచీ అదే భాష. సభకొచ్చాక రాతలో మాత్రం నేను మారాను. నవంబరు మొదటి రోజు గడువు అంటే అక్క ఆ నెలలో వచ్చే మొదటి ఆదివారం అనుకుంది. ఆదివారం కచేరీ మూసి ఉంటుందని ముందురోజు, శనివారం నాడు, నాలుగో తేదీన వెళ్ళింది. గడువు బుధవారంతో పోయింది. గుమాస్తా పుస్తకం మూసేశాడు.

పొరపాటు ఆవిడది. ఆవిడ ఆ మాట అన్నప్పుడు మేము ఆపిల్ రసం తీసే గానుగ దగ్గర ఉన్నాము. గానుగ మోతలో నాకేమీ వినపడలేదు.

ఆగస్టు 24.

తలుపుకి కొత్త గడియ వేయించాను. పాతది బాగానే ఉంది.

ఆగస్టు 27. సోమవారం.

అక్క వచ్చింది. కొడుకు జోయెల్‌ని వెంటబెట్టుకుని బండిలో వచ్చింది. బూడిదరంగు గౌను, తెల్ల టోపీ, ముడి విప్పలేదు. అంటే ఉండటానికి రాలేదని.

మా ఇద్దర్నీ సంఘం వెలివేసింది. యుద్ధాన్ని సమర్థించానని నన్ను. మనుషుల్ని వదలనందుకు ఆవిడని. వెలివేసినా మాట మారలేదు, టోపీ మారలేదు. రాజు ఎదురైనా 'నువ్వు' అనే అంటాం, తల మీది టోపీ తీయం. దేవుడి ముందు అందరూ సమానమట. అందర్నీ సమానంగా 'నువ్వు' అని పిలిచే మా అక్క, సంతలో ఒక మనిషిని కొని, ఆ మనిషిచేత కూడా తనని 'నువ్వు' అనిపించుకుంది. దీని మీద వ్యాసం రాయాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను. రాయలేదు. అక్క కదా.

"ఒరే ఈనక్, చిక్కిపోయావు" అంది.

"పని ఎక్కువైంది."

"పని కాదు. గడియ రెండుసార్లు తీసి రెండుసార్లు వేశావు నేనొచ్చాక. ఎవరికి భయపడుతున్నావు, నాకా?"

జోయెల్ నవ్వాడు. వాడు కుర్చీలో కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడి వీధి చూస్తున్నాడు.

"మెక్కార్డ్ మనిషి ఇంటికొచ్చాడు" అంది అక్క. "సభలో నేను వచ్చి చెప్పాలట, ఎలా మోసపోయానో. మోసపోయాననలేదు నేను. పొరపాటు పడ్డానన్నాను. అతనికి మోసం కావాలి."

"వెళ్తావా?"

"అడిగితే చెప్పడానికి నాకేం? ఉన్నది చెబుతా." గౌను దుమ్ము దులుపుకుంది. "ఆ రోజు నేను నీతో అన్నానుగా, మొదటి రోజు కచేరీ ఉండదు, ఏడో రోజున వెళ్తానని. నువ్వు ఆపిల్ తింటున్నావు. విన్నావా లేదా?"

"గానుగ మోతలో..."

"ఊఁ."

మా అక్క 'ఊఁ' అంటే ఏమిటో నాకు యాభై ఏళ్ళుగా తెలియదు.

వెళ్ళేటప్పుడు జోయెల్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మావయ్యా, మన ఇంటి నుంచి మేరీలాండ్ సరిహద్దు ఎంత దూరమంటావు?"

"నీకెందుకురా?"

"ఊరికే. మన గోధుమరంగు గుర్రం పొద్దున బయల్దేరితే భోజనాల వేళకి దాటుతుంది. అటుపక్క నీ చట్టం చెల్లదటగా. ఆ తల్లీకూతుళ్ళకి ఇక్కడ నీళ్ళు పడటం లేదేమో, గాలిమార్పు మంచిది."

"జోయెల్, బండి తియ్యి" అంది అక్క. వాడి మాట వింది. ఏమీ అనలేదు. వినీ ఏమీ అనకపోవడం మా ఇంటి లక్షణం.

ఈ చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఆగస్టు 30.

కెజీయా ఉండే సందు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. హెచ్చరించడానికే వెళ్ళాను. నా వెనకే ఎవరో వస్తున్నట్టు అనిపించింది. నేనే వాళ్ళని ఆమె ఇంటికి తీసుకుపోతున్నానేమో అని వెనక్కి వచ్చాను. అది జాగ్రత్త. పిరికితనం వేరు.

సెప్టెంబరు 4.

ఫ్రెంచి పటాలాలు ఊరి మధ్యనుంచి దక్షిణానికి వెళ్ళాయి. దుమ్ము, డప్పులు, మిద్దెల మీంచి రుమాళ్ళు ఊపే ఆడవాళ్ళు. స్వేచ్ఛ వర్ధిల్లాలని కేకలు. మెక్కార్డ్ కూడా కేకేశాడు. అతనికి కార్లైల్ ఊరి దగ్గర తొమ్మిదిమంది బానిసలున్నారు, అందర్నీ గడువులోగానే నమోదు చేయించాడు. మంచి గొంతు.

ఆ తోపులాటలో ఎవరో నా కోటు లాగారు. ఇంటికొచ్చి చూస్తే జేబులో గుప్పెడు ఈకలు. తెల్లవి, మెత్తనివి. వాటిని పొయ్యిలో వేస్తే గదంతా కమురు వాసన. ఇంకా పోలేదు.

సెప్టెంబరు 5.

పోలేదు.

సెప్టెంబరు 7. శుక్రవారం.

సోమవారం నుంచి విచారణ. అక్కని పిలిచారు. అంటే నన్నూ అడుగుతారు.

రెండు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. సభలో లేచి నిజం ఒప్పుకుంటాను. ఏ నిజం అని ఈ పుస్తకం నన్ను అడగదు. ఒప్పుకుంటే ఇక భయపడటానికి ఏమీ మిగలదు. ఆ మాట చెప్పడానికి మధ్యాహ్నం కెజీయా దగ్గరికి వెళ్ళాను, ఈసారి ఆగకుండా.

ఆమె ఒక నావికుల సత్రానికి బట్టలు ఉతుకుతుంది. పెరట్లో రెండు రాగి కాగులు, నాలుగు తాళ్ళు. లెట్టి గంజి కలుపుతోంది. నన్ను చూడగానే కెజీయా కూతుర్ని లోపలికి పంపింది.

"మొహం చూస్తే మంచి కబురులా లేదు" అంది.

"జోయెల్ ఊళ్ళోనే ఉన్నాడు."

"తెలుసు. నిన్న ఆ మూల నిలబడ్డాడు. వాడు దొంగతనంగా నిలబడటం కూడా రాని మనిషి, ఊళ్ళో కుక్కలన్నీ మొరిగాయి." తడి దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది. "పట్టు. ఇటు కాదు, అటు తిప్పు."

తిప్పాను. నీళ్ళు బూట్ల మీద కారాయి.

"నీకొకటి చెప్పాలి కెజీయా. ఆ రోజు గానుగ దగ్గర, అక్క ఆ మాట అన్నప్పుడు..."

"విన్నావు."

నేను తిప్పడం ఆపాను. ఆమె ఆపలేదు.

"గానుగ మోతలో..." అన్నాను. అలవాటైపోయింది నోటికి.

"ఏం మోత? మీ అక్క మాట్లాడటానికొస్తోందని గుర్రాన్ని ఆపింది నేనే కదా. గానుగ ఆగాకే ఆవిడ నోరు తెరిచింది. ఈగ ఎగిరితే వినపడేది ఆ షెడ్డులో." దుప్పటి దులిపి తాడు మీద వేసింది. "ఆవిడ ఏడో రోజున వెళ్తానంది. నేను నీ మొహమే చూస్తూ నిలబడ్డాను. నీ పెదవి కదిలింది. నా గుండె ఆగింది. మళ్ళీ పెదవి మూసుకుంది, ఆపిల్ కొరికావు. అంతే."

నేను బూట్ల మీది నీళ్ళు దులుపుకున్నాను.

"నీకది అంతటితో అయిపోయింది. గుర్రమెక్కి వెళ్ళిపోయావు. నాకు ఇంకా నాలుగు వారాలున్నాయి. పంచాంగం పొయ్యిలో పెట్టాను. ఎవరైనా చుట్టాలొచ్చి తేదీ మాట ఎత్తబోతే వాళ్ళ కాళ్ళ మీద పాలు ఒలకబోశాను. రెండుసార్లు. రెండుసార్లూ తన్నులు తిన్నాను. తింటూ లోపల ఎంచుకునేదాన్ని, ఇంకా పన్నెండు రోజులు, ఇంకా పదకొండు."

"సోమవారం సభలో అంతా ఒప్పుకుందామనుకుంటున్నాను" అన్నాను. "విన్నానని. కావాలనే ఊరుకున్నానని."

"ఎవరికోసం?"

"నిజం కోసం."

"నిజానికి కూతుళ్ళు లేరు. నాకుంది." కాగులో కర్ర పెట్టి కలిపింది. "నువ్వు ఒప్పుకుంటే ఏమవుతుంది? మెక్కార్డ్ అంటాడు, చూశారా, అంతా మోసం, చట్టం రాసినవాడే మోసగాడు అని. అటూ ఇటూ ఊగుతున్న నలుగురూ అటుపోతారు. నీకు మాత్రం ఒళ్ళు తేలికపడుతుంది. నువ్వు పత్రికలో రాస్తావటగా, మనుషుల స్వేచ్ఛ కోసం ప్రాణమిస్తానని. సత్రంలో చదివి వినిపించారులే. నీ ప్రాణం నేనేం చేసుకోను? ఒక అబద్ధం ఇయ్యి."

"మావాళ్ళు అబద్ధం..."

"మీవాళ్ళు నన్ను కొన్నారు ఈనక్."

ఇంకో దుప్పటి కొస నా చేతికిచ్చింది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. విన్నాను. ప్రతి అక్షరం విన్నాను. ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ క్షణంలో నేను ఊరుకున్నది ఆమెను విడిపించాలని కాదు. అక్కతో గొడవ పెట్టుకోవడానికి భయమేసి ఊరుకున్నాను. తప్పు దిద్దితే మా అక్కకి మనిషిని కట్టబెట్టినవాణ్ణవుతాను. దిద్దకపోతే మోసగాణ్ణవుతాను. రెంటికీ భయపడి ఆపిల్ కొరికాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క గొప్ప పని అలా జరిగింది.

సెప్టెంబరు 8.

ఆకలి లేదు.

సెప్టెంబరు 10. సోమవారం.

విచారణ. అరవైమంది సభ్యులు, కిటికీలన్నీ మూసి ఉన్నాయి, ఉక్క. అక్క మధ్యలో నిలబడింది. మా వాళ్ళు బైబిలు మీద ప్రమాణం చేయరు. మామూలు మాటే ప్రమాణం, ఇంకో ప్రమాణం ఎందుకంటారు. "ఉన్నది చెబుతాను" అని మాత్రం అంది.

మెక్కార్డ్ వంగి అడిగాడు. "అమ్మా, గడువు సంగతి మీకు ఎవరు చెప్పారు?"

"నేను ఒక్కదాన్నే ఉన్నాను. మీరు అనక్కర్లేదు, నువ్వు చాలు."

సభ నవ్వింది. మెక్కార్డ్ కూడా నవ్వాల్సొచ్చింది.

"ఎవరు చెప్పారు?"

"మా తమ్ముడు. చట్టంలో ఉన్నదే చెప్పాడు. నవంబరు మొదటి రోజు అని."

"మీరు... నువ్వు దాన్ని ఆదివారం అనుకున్నట్టు అతనికి తెలుసా?"

"పైకే అన్నాను. ఏడో రోజున వెళ్తానని."

"అతను విన్నాడా?"

అక్క నా వైపు చూసింది. బల్ల అంచు పట్టుకున్నాను.

"నా నోటికి నేను జవాబు చెప్పగలను" అంది అక్క. "వాడి చెవులకి నేనెలా చెబుతాను? వాణ్ణే అడుగు."

నన్నడిగారు.

సెప్టెంబరు 11.

నిన్న అక్కడ ఆపాను.

లేచి, నాకు వినపడలేదు అన్నాను. గానుగ తిరుగుతోందన్నాను. గుర్రం రంగు కూడా చెప్పాను, ఎవరూ అడక్కపోయినా. మామూలు మాటే ప్రమాణమైన చోట పుట్టినవాడు ఆడిన అబద్ధం మామూలు అబద్ధం కాదు. నా తర్వాత మెక్కార్డ్ కాసేపు కాగితాలు కదిపాడు. మోసం దొరక్క కూర్చున్నాడు.

అక్క బయట మెట్ల దగ్గర నిలబడి ఉంది. టోపీ ముడి బిగించుకుంటోంది.

"ఇన్నాళ్ళూ నీకు నిజంగా వినపడలేదేమో అనుకున్నాను రా" అంది. "వయసైపోతోంది, చెవులు మందగించాయేమో అని జాలిపడ్డాను. ఇవాళ తెలిసింది."

"ఏం తెలిసింది?"

"లేచి నిలబడి టోపీ తీశావు. జైల్లో పెట్టినా నాన్న జడ్జి ముందు టోపీ తీయలేదు. నువ్వు ఏ తప్పూ చేయకపోతే ఆ మెక్కార్డ్‌గాడికి టోపీ ఎందుకు తీస్తావు?"

తీసినట్టు నాకు తెలియదు. చేతిలో చూసుకుంటే ఉంది.

"లోపలికి వెళ్ళి చెప్పు" అన్నాను. చెప్పమని ఎందుకన్నానో తెలియదు.

"టోపీ తీశాడని సాక్ష్యం చెప్పనా? టోపీ నేను చూసింది. అబద్ధం నేను అనుకుంటున్నది. అనుకున్నది చెప్పడం మనకి లేదు." మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగింది, వెనక్కి తిరగలేదు. "నాకు తమ్ముడు లేడు. ఇది చూసి చెబుతున్నది."

సెప్టెంబరు 15.

ఏ అలికిడైనా జోయెలే అనిపిస్తోంది. పాలమనిషి తలుపు తడితే కాగితాలు కోసే కత్తి పట్టుకుని తీశాను. పాపం, పాలు అక్కడే పెట్టి పరుగెత్తాడు.

సెప్టెంబరు 20. గురువారం.

బిల్లు ఓడింది. ఆరు ఓట్ల తేడా.

చట్టం మళ్ళీ అచ్చువేస్తారట, ముసాయిదా రాసినవాళ్ళ పేర్లతో. నా పేరు వద్దన్నాను. ఎప్పుడో ఒకనాడు ఎవడో గానుగ కథ తవ్వితే అది చట్టానికి అంటుకోకూడదు. వినయం అనుకున్నారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

గెలిచిన సంతోషం ఎక్కడుందో వెతుకుతున్నాను. జోయెల్‌కి ఓట్లతో పనిలేదు. వాడికి ఒక గుర్రం, ఒక తాడు, ఒక పూట చాలు.

సెప్టెంబరు 22. శనివారం. చెస్టర్ రేవులో, ఇద్దరం పడవ కోసం కూర్చుని.

కెజీయా ఒక కాగితం కావాలంది. తన పేరూ లెట్టి పేరూ గుమాస్తా పుస్తకంలో లేవని కాగితం. అక్క ఊరి జిల్లా కచేరీ ఉన్న చెస్టర్‌కి పడవలో ఇద్దరం వచ్చాము. లెట్టిని సత్రం వంటావిడ దగ్గర వదిలొచ్చింది.

గుమాస్తా తల గోక్కున్నాడు. "ఉన్నదానికి నకలు ఇస్తానుగానీ అయ్యా, లేనిదానికి ఏమని ఇవ్వను?"

"లేదని ఇయ్యి" అంది కెజీయా.

"లేనివాళ్ళు లోకంలో ఎంతమందో. అందరికీ ఇస్తూ కూర్చుంటే..."

"అందరూ రాలేదుగా. నేనొక్కదాన్నే వచ్చాను."

పుస్తకం మొదటినుంచి చివరిదాకా ఆమె ఎదురుగానే తిప్పించింది. చదువు రాదు, అయినా ప్రతి పేజీ చూసింది. చివరికి అతను రాసి ముద్ర వేశాడు. బయటికి రాగానే నాచేత మూడుసార్లు చదివించుకుంది. మూడోసారికి ఆమె పెదవులు నాతోపాటే కదిలాయి.

కచేరీ నుంచి రేవు దాకా ఒకటే వీధి. సగం దారిలో సారాకొట్టు అరుగు మీద జోయెల్ కూర్చుని ఉన్నాడు. పక్కన గోధుమరంగు గుర్రం.

ఆగిపోయాను. "వెనక్కి పోదాం" అన్నాను. "లేకపోతే నా వెనకే రా. నన్ను దాటి ముట్టుకోలేడు."

"నీ వెనక నడిస్తే నీ మనిషిననుకుంటారు" అంది కెజీయా. "ముందు నడిస్తే నువ్వు తోలుకుపోతున్నావనుకుంటారు. నువ్వు అటుపక్కకి పో."

"కెజీయా..."

"పో."

నేను వీధి దాటాను. ఆమె ఇటుచూడకుండా నడిచింది. జోయెల్ అరుగు దిగి దారికి అడ్డంగా నిలబడ్డాడు. అరుగు మీద ఇంకో ఇద్దరు లేచారు. నేను రెండుసార్లు అడుగు ముందుకేశాను, రెండుసార్లు ఆగాను. ఆగింది ఆమె పొమ్మన్నందుకా, నా పిరికితనం వల్లనా, నాకు తెలియదు. తెలుసని రాయను.

"ఇలా తే ఆ కాగితం" అన్నాడు జోయెల్.

"నా చేతిలోంచి రాదు" అంది. "చదవాలంటే నువ్వు వంగు."

పట్టపగలు, సంత రోజు. బండ్లు ఆగాయి. బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు ఆగారు. అందరూ వాడి వైపే చూస్తున్నారు. జోయెల్ అటూ ఇటూ చూశాడు. నడుము మీద చేతులు పెట్టుకుని, వంగి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. వాడు చదువులో నిదానం. ఆమె రెండు చేతులతో కాగితం పట్టుకుని, వాడు ఆఖరి ముక్కకి వచ్చేదాకా కదలకుండా నిలబడింది. ఆమె మొహం ఇటునుంచి కనపడలేదు.